బొమ్మ రైలుకి రెండు తాళాలు

నా ఉద్యోగంలో చివరి రెండేళ్లూ నేను ఒక డైనోసార్‌కి ఫోర్‌మన్‌గా పనిచేశాను. అంతకుముందు ముప్పై ఏళ్లకు పైగా క్రేన్లకి. రెండింటిలో ఏది మాట వింటుందని అడిగితే క్రేన్ అనే చెప్తాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడూ స్మృతి నగర్‌లో మా ఇంటికి వచ్చి, "అంకుల్, మీ అనుభవాలేమైనా చెప్పండి" అంటారు. వాళ్లకి కావలసింది ప్రమోషన్ ఎలా సంపాదించాలన్నది. ఆ సంగతి నాకు తెలిసి ఉంటే డైనోసార్ దగ్గర ఎందుకు తేలతాను? నాకు తెలిసింది ఒక తాళం సంగతి. అదే చెప్తాను, వినండి.

మాది మీరనుకునే పెద్ద ఉక్కు ప్లాంటు కాదు. భిలాయిలో తెలుగువాడికి ఉద్యోగం అనగానే అందరూ పెద్ద ప్లాంటే అనుకుంటారు. నా పెళ్లిచూపుల్లో మావాళ్లు కూడా ఆ పొరపాటుని సరిదిద్దకుండా ఊరుకున్నారు. మాది ప్లాంట్లకి పోత సామాన్లు చేసి ఇచ్చే ప్రైవేటు కంపెనీ. ఒక ఫౌండ్రీ, ఒక మెషిన్ షాపు, నాలుగు క్రేన్లు, ఒక సేఠ్. ఆ పెద్ద సేఠ్ పుణ్యానికో పేరుకో ఊరి శివార్లో కోహ్కా బస్తీ దాటాక ఉన్న ఖాళీ స్థలంలో పిల్లల కోసం ఒక పార్కు కట్టించాడు.

ఆ పార్కు వైభవం చెప్పాలి. ఒక బొమ్మ రైలు. కొన్ని తొట్లు ఊడిపోయిన ఒక జెయింట్ వీల్. నీళ్లు లేని చెరువులో రెండు పడవలు. గేటు దగ్గర సిమెంటు జిరాఫీ. దాని మెడ ఒకసారి గాలివానకి విరిగితే మా వెల్డర్ ఇనప యాంగిల్ పెట్టి అతికాడు. యాంగిల్ పొట్టిదైపోవడంతో జిరాఫీ అప్పటినుంచీ పరీక్ష తప్పినవాడిలా నేలచూపులు చూస్తూ ఉండేది. చాలామంది పిల్లలు దాన్ని గాడిద అనే అనుకునేవారు, మేమూ కాదనలేదు. ఆదివారాలు ఆడుకోవడానికి వచ్చేవాళ్లకంటే నీడలో కూర్చుని పులిహోర తిని పోయేవాళ్లే ఎక్కువ.

కంపెనీలో ఏ మనిషిని ఏం చెయ్యాలో తోచకపోతే పార్కుకి పంపడం ఆనవాయితీ. యూనియన్లో గట్టిగా మాట్లాడినవాళ్లు, రిటైర్మెంటు దగ్గరపడ్డవాళ్లు, దెబ్బలు తగిలినవాళ్లు. నేను రెండో రకం. నాకంటే ముందునుంచీ అక్కడ ఇద్దరు ఉండేవారు. టికెట్ కిటికీ దగ్గర ఒక ఛత్తీస్‌గఢీ ఆవిడ. అందరికీ దీదీ. కోహ్కాలో మన తెలుగువాళ్ల పక్కింట్లోనే ఉంటూ, నా మనవరాలికంటే మంచి తెలుగు నేర్చేసుకుంది. రెండోవాడు రైలు నడిపే మనిషి. శ్రీకాకుళం వైపునుంచి వచ్చినవాడు. ఒకప్పుడు మా ఫౌండ్రీలో క్రేన్ ఆపరేటర్. నిండు గ్లాసు టీ బల్లమీంచి బల్లమీదకి క్రేన్‌తో దించితే చుక్క ఒలికేది కాదని చెప్పుకునేవారు. ఎడమ పాదం సగం నలిగిపోయాక పైకెక్కలేక ఈ బొమ్మ రైలుకి వచ్చాడు. ఆ పాదం సంగతి ఇప్పుడే చెప్పెయ్యొచ్చు. కానీ ధైర్యం కూడదీసుకోవడానికి నాకు కొంచెం డైనోసార్ అవసరం.

పెద్ద సేఠ్ మంచం పట్టాక పార్కు చిన్న సేఠ్ చేతికి వచ్చింది. చిన్న సేఠ్ సెలవులకి పెళ్లాం పిల్లలతో విదేశాల్లో ఏదో పెద్ద పార్కు చూసి వచ్చాడు. వచ్చిన వారానికే మమ్మల్ని ముగ్గుర్నీ జిరాఫీ ముందు నిలబెట్టి ఉపన్యాసం ఇచ్చాడు. అతను మాట్లాడేది హిందీ, దాన్ని నేను తెలుగులో రాస్తున్నాను.

"ఇక నుంచి ఇది పార్కు కాదు. ఇది అనుభవం. జనం ఆటలకి రారు, కథకి వస్తారు. మనం మూడు లోకాలు కడుతున్నాం."

దీదీ నా వైపు వంగి, "ఉన్న ఒక్క లోకంలోనే బాత్రూంకి తలుపు లేదు" అంది.

పెద్ద ఊరి నుంచి ఒక కన్సల్టెంట్ దిగాడు. మెడలో కార్డు, చేతిలో లాప్‌టాప్. మూడు లోకాలూ తెరమీద చూపించాడు. మంచు లోకం, డైనోసార్ లోకం, అంతరిక్ష లోకం. తెరమీద పిల్లలందరూ తెల్లగా, బొద్దుగా, ఏ దేశం వాళ్లో తెలియకుండా నవ్వుతున్నారు. రైలు డ్రైవర్ చెయ్యి ఎత్తి, "సార్, ఆ మంచు ఏటితో సేత్తారు?" అని అడిగాడు. కన్సల్టెంట్ "థర్మోకోల్" అన్నాడు. "మే నెల్లో ఇక్కడ లూ వడగాలి ఎలగుంటాదో తెల్సా బాబూ మీకు?" అన్నాడు డ్రైవర్. కన్సల్టెంట్ చిరునవ్వు నవ్వి, మాటలన్నీ లాప్‌టాప్‌లో ఎక్కించుకుంటున్నట్టు ఏదో టైపు చేశాడు.

మంచు లోకం నాలుగు రోజులు నిలిచింది. అయిదో రోజు మధ్యాహ్నం గాలి లేచి మంచు మొత్తాన్ని ఎత్తుకుపోయి కోహ్కా మీద చల్లింది. ఇళ్లమీద, ఆరేసిన వడియాల మీద, సైకిల్ షాపువాడి గ్రీజు డబ్బాలో. రెండు గేదెలు అది తిని జబ్బుపడ్డాయని వాటి యజమానులు కర్రలు పట్టుకుని వచ్చారు. గేదెలకి ఏమీ కాలేదు గానీ, మంచు మనిషికి ముక్కుగా పెట్టిన క్యారెట్‌ని మాత్రం నష్టపరిహారం కింద తీసుకుపోయారు.

డైనోసార్ లోకం కొంచెం మేలు. ఫైబర్‌తో చేసిన రెండంతస్తుల జంతువు. మెడ ఊపుతుంది, నోరు తెరిచి గర్జిస్తుంది. గర్జించే స్పీకరు మూడో రోజునే దుమ్ము పట్టి మూగబోయింది. కొత్తది తెప్పించడానికి నెల పడుతుందన్నారు. ఆదివారం దగ్గరకొస్తోంది. నేను కంపెనీకి ఫోన్ చేసి మా ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను. అతను స్క్రాపులోంచి పాత క్రేన్ హారన్ ఒకటి పట్టుకొచ్చి డైనోసార్ గొంతులో బిగించి వెళ్లిపోయాడు. మాకు తెలిసిన వైద్యం అదే.

ఆ ఆదివారం సాయంత్రం జనం బాగానే ఉన్నారు. మన పెన్షనర్లు కొందరు మనవల వేళ్లు పట్టుకుని, రాజకీయాలు మాట్లాడుకుంటూ బాట మీద వస్తున్నారు. డైనోసార్ మెడ ఎత్తి హారన్ కొట్టింది. ఫౌండ్రీల్లో, మిల్లుల్లో పనిచేసినవాళ్లకి ఆ హారన్ అర్థం ఒక్కటే: నెత్తిమీద బరువు వస్తోంది, తప్పుకో. పైకి చూసే పని లేదు. అంతమంది ముసలివాళ్లూ మాట మధ్యలో ఆపకుండానే ఒక్కసారిగా పక్కకి జరిగిపోయారు. ఒకాయన మనవడి కాలర్ పట్టి లాగేశాడు. ఇంకొకాయన మోకాలి ఆపరేషన్ అయిన మనిషి, ఆయన కూడా గంతు వేశాడు. పిల్లలు పడీ పడీ నవ్వారు.

"నానాజీ, ఏమైంది?" అని ఒక పాప అడిగింది.

"ఏటీ లేదే అమ్మా, క్రేన్ వత్తందనుకున్నాను" అన్నాడాయన సిగ్గుపడుతూ.

"క్రేన్ అంటే?"

ఆయన అక్కడే గట్టు మీద కూర్చున్నాడు. క్రేన్ అంటే ఏమిటో, దాని కొక్కానికి వేలాడే కుండలో ఏం ఉంటుందో, అది ఒలికితే ఏమవుతుందో మొదలుపెట్టాడు. సగం హిందీ, సగం తెలుగు, చేతులు మాత్రం పూర్తిగా. పది నిమిషాల్లో ఆయన చుట్టూ ముప్పైమంది పిల్లలు చేరారు. వెనకాల డైనోసార్ ఒంటరిగా హారన్ కొట్టుకుంటూ నిలబడింది. ఈ ఊళ్లో పుట్టి పెరిగిన పిల్లలు. తాతలు పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని లోపలికి వెళ్లి సాయంత్రం బయటికి వచ్చేవారని తెలుసు గానీ, లోపల ఏం చేసేవారో ఎవరూ వాళ్లకి చెప్పలేదు. విశ్వకర్మ పూజ రోజున ఒక్కసారి తీసుకెళ్లి యంత్రానికి బొట్టు చూపించి, లడ్డు పెట్టించి తీసుకొచ్చేవారు, అంతే.

చిన్న సేఠ్‌కి ఒక గుణం ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. జనం ఎక్కడ గుమిగూడితే అక్కడ తన ఆలోచన ముందునుంచీ ఉన్నట్టే కనిపిస్తాడు. ముసలివాళ్లు గంతువేసిన వీడియో ఫోన్లలో తిరిగి తిరిగి అతని దగ్గరికి చేరింది. మర్నాడే అంతరిక్షం రద్దయిపోయింది. దాని స్థానంలో "ఉక్కు లోకం". కన్సల్టెంట్ రాకెట్ బొమ్మకి ఎర్రరంగు వేయించి దాన్నే కొలిమి చేశాడు.

మిగతాది మేము చేశాం. ఇది నేను గర్వంగానే చెప్తాను. కంపెనీ యార్డులోంచి పాత క్రేన్ కొక్కెం, మనిషంత చక్రం, కన్నాలు పడ్డ లోహపు కుండ తెచ్చి రైలు దారి పొడుగునా నిలబెట్టాం. కుండలో ఎర్ర బల్బులు. రైలు ఎర్రమట్టి గుట్ట దగ్గర బయల్దేరి, కొలిమి సొరంగంలోంచి దూరి, పట్టాల మిల్లు దగ్గర ఆగుతుంది. కథ చెప్పే పని డ్రైవర్‌ది.

"ఏయ్ గుంటలూ, బైఠో బైఠో. చేతులు లోపల. ఈ ఎర్రమట్టి ఉన్నాదే, ఇదే లోహా. దీన్ని ఉడకబెట్టి మీ దాదాజీలు రైలు పట్టాలు సేసినారు. నవ్వకండి, సచ్ బోల్తన్నాను. ఇప్పుడు మనం బట్టీలోకి దూరిపోతన్నాం. ఎవలికైనా సెమట పడితే అది నా తప్పు కాదు, మీ నానాజీకి రోజూ పట్టీది."

నెల తిరగకుండా ఆదివారాలు క్యూ గేటు దాటి రోడ్డెక్కింది. ఒక్కో పిల్లవాడు నాలుగేసి సార్లు ఎక్కేవాడు. నేలచూపుల జిరాఫీతో కూడా సెల్ఫీలు దిగడం మొదలుపెట్టారు. దీదీ టికెట్లు చింపి చింపి వేళ్లకి పసుపు రాసుకునేది. పార్కు ఉందని మర్చిపోయిన ఊరు దాన్ని మళ్లీ గుర్తు చేసుకుంది.

ఇక్కడితో ఆపేస్తే నేను మంచివాణ్ణే.

ఉక్కు లోకం నిలదొక్కుకున్నాక చిన్న సేఠ్ దానికి ఘనంగా ప్రారంభోత్సవం తలపెట్టాడు. ఆ రోజు నుంచీ రైలు డ్రైవర్‌గా ఏజెన్సీ మనిషి వస్తాడనీ, కథ రికార్డు చేసి పెడతారనీ కన్సల్టెంట్ సలహా ఇచ్చాడు. కుంటుకుంటూ నడిచే మనిషి, మూడు భాషలు కలిపి మాట్లాడే మనిషి, "బ్రాండుకి" సరిపడడట. డ్రైవర్‌ని కంపెనీ సైకిల్ స్టాండుకి పంపుతారు. అతనికి ఇంకా ఏడాదిన్నర సర్వీసు ఉంది. అతను నా దగ్గరికి వచ్చాడు.

"బాబూ, సైకిళ్లకి నానేటి కథ సెప్పనండి? మీరొక మాట సెప్పండి సేఠ్‌కి."

నేను వెళ్లాను. చిన్న సేఠ్ సొరుగులోంచి ఒక పాత ఫైలు తీసి నా ముందు పెట్టాడు.

"ఫోర్‌మన్ సాబ్, బ్రాండు సంగతి వదిలెయ్యండి. ఇది చూడండి. ఈ మనిషి క్రేన్ మీద తాళం వెయ్యకుండా పనిచేసి కాలు పోగొట్టుకున్నాడని విచారణలో రాసి ఉంది. నిర్లక్ష్యం. ఇలాంటివాడి చేతిలో పిల్లల్ని పెట్టమంటారా? అప్పుడు మీరే కదా ఆ షిఫ్టులో ఉన్నారు. నిజమేనా?"

నేను ఫైలు చూశాను. కింద సాక్షి సంతకం నాదే.

"పాత సంగతి సార్. సరిగా గుర్తులేదు" అన్నాను.

గుర్తులేకపోవడమేమిటి! మా కంపెనీలో ఒక పద్ధతి ఉండేది, ఇప్పుడూ ఉంది. యంత్రం మీద చెయ్యి వేసే ప్రతి మనిషీ దాని మెయిన్ స్విచ్‌కి తన సొంత తాళంకప్ప వేస్తాడు. తాళంచెవి తన జేబులోనే. అయిదుగురు పనిచేస్తుంటే అయిదు తాళాలు వేలాడతాయి. వేసినవాడే తియ్యాలి. మేనేజరైనా, సేఠైనా, దేవుడైనా ఇంకొకడి తాళం ముట్టుకోకూడదు. ఆ తాళం ఉన్నంతసేపూ ఒక మనిషి లోపల ఉన్నట్టు లెక్క.

ఆ రోజు అతను క్రేన్ పట్టా చివర చక్రానికి గ్రీజు పెడుతున్నాడు. స్విచ్‌కి అతని తాళం ఉంది. కింద కుండలో లోహం చల్లారిపోతోందని మేనేజరు ఫోన్లో నా మీద విరుచుకుపడుతున్నాడు. పైకి చూశాను, ఎవరూ కనిపించలేదు. పక్కనున్నవాడెవడో "చాయ్ తాగడానికి పోయుంటాడు" అన్నాడు. నేను కట్టర్ తెప్పించి తాళం కోశాను. స్విచ్ వేశాను. క్రేన్ కదిలింది ఒక్క అడుగు. అంతే చాలింది.

కోసిన తాళాన్ని స్క్రాపు బుట్టలో పారేశాను. విచారణకి వచ్చినవాళ్లకి స్విచ్ దగ్గర తాళం కనబడలేదు. తాళం వెయ్యలేదని రాశారు, నేను సంతకం పెట్టాను. పెళ్లయి చిన్నపిల్లలున్నవాణ్ణి, ఉద్యోగం పోతుందని భయపడ్డాను. అతనికీ చిన్నపిల్లలే, ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదంటే మీరు నమ్మకండి. తట్టింది.

అప్పుడు ఒకసారి, చిన్న సేఠ్ గదిలో రెండోసారి. ఒకే మనిషిని ఒకే ఫైలుతో నేను రెండుసార్లు దెబ్బకొట్టాను. బయటికి వచ్చి, "చెప్పాను, వినలేదు" అని డ్రైవర్‌తో అన్నాను. అతను నన్ను ఒక్క క్షణం చూసి, "అలాగేనండి" అని తన రైలు దగ్గరికి వెళ్లిపోయాడు.

ప్రారంభోత్సవం రోజు. అతనికి అది పార్కులో ఆఖరి రోజు. తోరణాలు, బ్యాండు, రాయ్‌పూర్ నుంచి ముఖ్య అతిథి. రైలు నిండా పిల్లలు, కొందరి పక్కన తాతలు. ఏజెన్సీ డ్రైవర్ వెండిరంగు బట్టల్లో, నెత్తిమీద మెరిసే టోపీతో తయారుగా ఉన్నాడు. ఆ బట్టలు అంతరిక్ష లోకం కోసం కుట్టించినవి, వృథా పోనివ్వలేదు.

స్విచ్ వెయ్యబోతే మెయిన్ స్విచ్‌కి తాళంకప్ప వేలాడుతోంది.

"ఎవరిది ఇది?" అన్నాడు చిన్న సేఠ్.

పాత డ్రైవర్‌ది. అందరికీ తెలుసు. మనిషి మాత్రం ఎక్కడా లేడు. ఫోన్ చేస్తే దీదీ కిటికీ దగ్గర వేలాడుతున్న అతని చొక్కా జేబులో మోగింది. అతిథి గడియారం చూసుకుంటున్నాడు.

"కావాలనే చేశాడు. చాయ్ తాగడానికి పోయి ఉంటాడు" అన్నాడు చిన్న సేఠ్. "ఫోర్‌మన్ సాబ్, కోసెయ్యండి."

ఎవరో నా పనిముట్ల పెట్టెలోంచి కట్టర్ తీసి నా చేతిలో పెట్టారు. నేను వంగి తాళం పట్టుకున్నాను. పాత ఇత్తడి తాళం. దాని వంపు కడ్డీ మధ్యలో ఒక అతుకు ఉంది. ఒకప్పుడు కోసిన చోట వేడిచేసి మళ్లీ అతికినట్టు, అరిగి నునుపెక్కిన గీత. నా కోత నాకు తెలియదా? ఆ మాటే, ఆ తాళమే, ఆ చెయ్యే.

కట్టర్ కింద పెట్టాను. పెట్టె అడుగున నా తాళం ఉంది, పార్కుకి వచ్చాక ఒక్కసారీ వాడలేదు. దాన్ని తీసి అతని తాళం పక్కనే వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాను.

"ఇదేమిటి?" అన్నాడు చిన్న సేఠ్.

"అతను లోపల ఉన్నాడు సార్. ఎక్కడున్నాడో తెలిసేదాకా ఈ రైలు కదలదు. నా తాళం తియ్యాలంటే ముందు నన్ను తీసెయ్యండి."

ఇంత వీరంగం వేశాను గానీ, నా రిటైర్మెంటుకి అప్పటికి నెలన్నరే ఉంది. ధైర్యం కొంతవరకు అక్కడినుంచీ వచ్చింది.

అప్పుడు రైల్లో కూర్చున్న తాతల్లో ఒకాయన మెడ చాచి స్విచ్ వైపు చూశాడు. రెండు తాళాలు కనిపించాయి. ఇంకో మాట లేకుండా మనవడిని చంకనేసుకుని దిగిపోయాడు. "తాళం ఉన్నాదిరా, దిగు" అంటూ ఇంకొకాయన. మూడు నిమిషాల్లో రైలు ఖాళీ. వెండిబట్టల డ్రైవర్ ఒక్కడే మిగిలాడు. అతనికి ఎవరూ చెప్పలేదు, చివరికి తనకి తానే దిగాడు.

నేను దీదీకి సైగ చేశాను. ఆవిడ పరుగెత్తుకెళ్లి డైనోసార్ హారన్ మూడుసార్లు కొట్టింది. మా దగ్గర దానికి అర్థం, లోపలున్నవాడు బయటికి రా అని.

కొలిమి నోట్లోంచి మొదట ఒక గడ్డపార వచ్చింది. దాని వెనకాల మోకాళ్లదాకా బురదతో మనిషి వచ్చాడు. పిల్లలు ఇదంతా ఆటలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు. ముఖ్య అతిథి కూడా కొట్టి, "ఇది మీ థీమా?" అని అడిగాడు. "బిల్కుల్ సార్" అన్నాడు చిన్న సేఠ్. జంకకుండా అన్నాడు, ఆ నేర్పు మనకి రాదు.

డ్రైవర్ నా దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పాడు. "లైట్ల వైరు కాలవ కోసం పట్టా పక్కనే తవ్వీసినారండి. వర్షానికి మట్టి జారిపోనాది. వొంపుకాడ పట్టా గాల్లో ఉన్నాది. దాని కింద రాళ్లు కూరి కొడతన్నాను. ఈ గుంటలతో ఎల్లుంటే..." అని గడ్డపార నేలకి ఆనించాడు.

చిన్న సేఠ్ అతిథికి వినబడకుండా నా చెవిలో గొణిగాడు. "చెప్పకుండా చేశాడు చూశారా? నిర్లక్ష్యం ఫైల్లో ఊరికే రాయలేదు."

నాకు అప్పుడు ఏం పట్టిందో తెలియదు. గట్టిగానే, హిందీలో, అందరికీ వినబడేలా చెప్పాను. ఫైలు తప్పు. ఆ రోజు ఇతను తాళం వేశాడు. దాన్ని కోసింది నేను. సంతకం పెట్టిన అబద్ధం నాది. బ్యాండువాళ్లు కూడా ఆపేశారు. మా ఆవిడ ముందు వరసలోనే ఉంది, ఆవిడకి కూడా అప్పుడే తెలిసింది.

డ్రైవర్ స్విచ్ దగ్గరికి వెళ్లి తన తాళం తీశాడు. తీసి పక్కన నిలబడ్డాడు.

"మీది కూడా తియ్యండి బాబూ. రాళ్లు బాగా కొట్టినాను. ఖాళీ రైలు ఒకపాలి తిప్పి సూద్దాం, తర్వాత గుంటల్ని ఎక్కిద్దాం."

ఖాళీ రైలు తిరిగి వచ్చింది. పిల్లలు ఎక్కారు. ఆ రోజు నడిపింది అతనే. వెండి టోపీ మాత్రం ఎవరో అతని నెత్తిన పెట్టారు.

సాయంత్రం జనం పోయాక దీదీ టీ ఇచ్చింది. నేను డ్రైవర్‌ని అడిగాను, "నేనే కోశానని నీకెప్పుడు తెలిసింది?"

"అప్పుడే తెల్సు. మా ఆడదాని తమ్ముడు స్క్రాపు యార్డులో పనిసేసీవోడు కాదేటి? ఆ తాళం ఆడే తెచ్చి ఇచ్చినాడు. అతుకు నానే ఏసుకున్నాను. మంచి ఇత్తడి, పారెయ్యడమెందుకు?"

"మరి ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"సెప్తే మీరు ఒప్పుకుందురేటి?" అని టీ ఊదుకున్నాడు. కోపంగా అని ఉంటే బాగుండేది. మామూలుగా అన్నాడు.

క్షమించమని అడిగాను. దానికి జవాబు చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు. "ఆ కాగితం మార్పించండి బాబూ" అన్నాడు. మర్నాడే రాసిచ్చాను. ఏ సెక్షన్ కింద ఫైలు తిరగతోడాలో తెలియదని ఆఫీసువాళ్లు తిప్పి పంపారు. మళ్లీ రాశాను. నేను రిటైరయ్యేదాకా అది బల్లలమీద తిరుగుతూనే ఉంది. సంగతి తెలిసి డ్రైవర్, "పోనీ, బోర్డు పెట్టించండి. రైలు స్టేషన్లో, అందరూ సూసే కాడ" అన్నాడు. చిన్న సేఠ్ వెంటనే ఒప్పుకున్నాడు. ప్రారంభోత్సవం వీడియో అప్పటికే థర్మోకోల్ మంచుకంటే ఎక్కువ దూరం ఎగిరింది మరి. రైలు ఎక్కే ముందు ఒక పిల్లవాడి చేత తాళం తీయించడం కూడా సేఠే పెట్టించాడు. కన్సల్టెంట్ దానికి ఏదో ఇంగ్లీషు పేరు పెట్టి బిల్లులో చేర్చాడట.

బోర్డు నేనే రాశాను. ఎనామెల్ పెయింటు, గుండ్రటి అక్షరాలు. ఫలానా నేను, ఫలానా మనిషి తాళం కోశాను, అతని పాదం నావల్ల పోయింది, తప్పు అతనిది కాదు. తెచ్చి స్టేషన్లో నిలబెట్టాను. డ్రైవర్ దాన్ని పైనించి కిందదాకా చూశాడు.

"తెలుగులో రాసినారేటి?"

"మన భాష కదా" అన్నాను. మాతృభాషాభిమానం నాకు అంతకుముందు ఎప్పుడూ అంత పొంగలేదు.

"ఇక్కడ తెలుగు సదివీవోలు ఎవలున్నారండి? నా మనవలకే రాదు. హిందీలో రాయించండి బాబూ. పెద్దక్షరాలు."

హిందీలో రాయించాను. పెద్దక్షరాలు. కింద నా పేరు, ఊరు, చేసిన ఉద్యోగం. మొన్న నా మనవరాలు స్కూలు పిల్లలతో అక్కడికి వెళ్లి, బోర్డు ముందు నిలబడి గట్టిగా చదివిందట. టీచరు చదవమంటే చదివింది. ఇంటికొచ్చి నా టీ కప్పు తీసుకెళ్లి సింకులో పెట్టింది, ఎప్పుడూ పెట్టనిది.

సైకిల్ స్టాండు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు, డ్రైవర్ ఆ సీట్లోంచే రిటైరయ్యాడు. ఆ తాళం రైలుకే వదిలి వెళ్లాడు. ఇప్పుడు దాన్ని పిల్లలు తీస్తున్నారు.

ఇలాంటి జ్ఞాపకాల్లో ఎవరి పేరూ రాయకపోవడం మర్యాద అంటారు. నేనూ రాయలేదు, పైగా తెలుగులో రాశాను. ఆ తెలివి నాలో ఇంకా పోలేదన్నమాట. నా పేరు తెలుసుకోవాలంటే కోహ్కా దాటాక పార్కు ఉంది. గేటు దగ్గర నేలచూపులు చూసే జిరాఫీ, లోపల హారన్ కొట్టే డైనోసార్, దాని వెనకే స్టేషన్, బోర్డు. టికెట్ కొనుక్కోవాలి. పెన్షనర్లకి తగ్గింపు ఉంది గానీ, దీదీ నాకు మాత్రం ఇవ్వదు.